విద్యార్థి పత్రిక అట్ట: హాస్టల్ మెస్ సంచికకు ముఖచిత్రం ఎలా వేయాలి?

ధ్వని_బృందం · శుక్రవారం రాత్రి 9:12

హైదరాబాద్‌లో ఒక డిగ్రీ కాలేజీ విద్యార్థులం. మేమే రాసి, మేమే దిద్ది తెచ్చే పత్రిక ‘ధ్వని’. రాబోయే సంచిక మొత్తం హాస్టల్ మెస్ మీదే. లోపల 64 పేజీలు, 80 జీఎస్‌ఎం (చదరపు మీటరుకు గ్రాములు) మ్యాప్‌లిథో కాగితం, నలుపు ఒక్కటే. అట్ట మాత్రం ఫోర్ కలర్ (సయాన్, మెజెంటా, ఎల్లో, నలుపు సిరాలు). 1000 కాపీలు.

ఇప్పుడున్న నమూనా కాన్వాలో, ఏ4 సైజులో చేశాం. పైన పత్రిక పేరు, దాని పక్కన కాలేజీ ముద్ర, మధ్యలో కాలేజీ భవనం ఫోటో, మూలన ప్రిన్సిపాల్ గారు, ఎడమ వైపు వరసగా ఏడు శీర్షికలు, అడుగున ‘యువత – భవిత’. ప్రెస్సులో చూపిస్తే ‘ఏ4 వద్దు, కాగితం దండగ’ అన్నారు. ఎందుకు దండగో తెలియలేదు. సైజు దగ్గర్నుంచి ఫాంటు దాకా ఏది మార్చాలో చెప్పండి.

అట్టమీదపిల్లి · శుక్రవారం రాత్రి 9:50

మీరు పంపింది నోటీసు బోర్డు. అట్ట ఇంకా మొదలు కాలేదు.

భవనం ఫోటో తీసేయండి. రోజూ దాని కిందనుంచే క్లాసుకు పోయే పిల్లలు అట్ట మీద మళ్ళీ దాన్ని చూసి ఆగరు. ప్రిన్సిపాల్ గారి ఫోటోను సెకండ్ కవర్‌కు, అంటే అట్ట లోపలి వైపుకు పంపండి, అక్కడ ఆయన సందేశంతో పాటు నిండు పేజీ ఇవ్వండి. అలా అడిగితే సాధారణంగా ఎవరూ కాదనరు, మూలన తపాలా బిళ్ళంత ఫోటో కన్నా అదే గౌరవం కూడా. ముద్రను బ్యాక్ కవర్ అడుగున 15 మిల్లీమీటర్ల ఎత్తులో పెట్టండి. ‘యువత – భవిత’ ప్రాస ఊళ్ళో ప్రతి ఫ్లెక్సీ మీదా ఉంది, మీ దగ్గర ఎందుకు?

మిగిలేది మెస్. మెస్ అంటే కళ్ళ ముందుకు వచ్చే వస్తువు ఒక్కటే, అరలున్న స్టీలు పళ్ళెం. అట్టంతా ఆ పళ్ళెమే. ఏడు శీర్షికల్లో ఒకటి పెద్దది, ఒకటి చిన్నది ఉంచి మిగతావి విషయసూచికకు వదిలేయండి. క్యాంటీన్ బల్ల మీద పడున్న పత్రికను నిలబడ్డవాడు చూసేది మూడు నాలుగడుగుల దూరం నుంచి. ఆ దూరంలో పేరూ బొమ్మా ఒక పెద్ద వాక్యమూ తప్ప ఇంకేదీ అందదు.

ఛత్తాబజార్_చిట్టి · శుక్రవారం రాత్రి 10:26

సైజు ముచ్చట నేను జెప్తా. మన దిక్కు ప్రెస్సులల్ల ఎక్కువ దొరికే షీటు 23 × 36 అంగుళాలు. 36ను నాలుగు జేస్తే 9, 23ను రెండు జేస్తే 11.5. అంటే ఒక్క షీటుకు 9 × 11.5 ఆకులు ఎనిమిది, ఇటుమొకం అటుమొకం కలిపి 16 పేజీలు. మూడు దిక్కుల కటింగ్ పోంగ మీకు సక్కగ 8.5 × 11 అంగుళాల పత్రిక వస్తది. ఏ4 ఎత్తు 11.69 అంగుళాలు. 11.5ల ఎట్ల పడ్తది? పడదు. పెద్ద షీటు తెప్పియ్యాలె, లేకుంటే ఆకులు తక్కువ పడ్తయి. దండగ అన్నది గందుకే.

8.5 × 11 పెట్టుకోండ్రి. మీ 64 పేజీలకు నాలుగు ఫారాలు, అంటే 16 పేజీల షీట్లు, సరిగ్గ వస్తయి. 68 అన్నరనుకో, నాలుగు పేజీల కోసం ఇంకో అచ్చు ప్లేటు, ఇంకో మెషిన్ సెట్టింగ్.

నాలుగురంగులు · శుక్రవారం రాత్రి 11:05

పై లెక్క సరైనదే. అట్ట లెక్క వేరు, అది కూడా ఇప్పుడే తేల్చుకోండి, డిజైన్ అయ్యాక తేలిస్తే అంతా జరపాలి.

ముందు బైండింగ్. 80 జీఎస్‌ఎం మ్యాప్‌లిథో ఆకు మందం దాదాపు 0.1 మిల్లీమీటరు. 64 పేజీలంటే 32 ఆకులు, అంటే 3.2 మిల్లీమీటర్లు. పర్ఫెక్ట్ బైండింగ్ (ఆకుల్ని వెన్నుకు జిగురుతో అంటించడం) చేయిస్తే వెన్ను అంతే వస్తుంది. మడత ఒక మిల్లీమీటరు అటో ఇటో జరగడం మామూలే, కాబట్టి 3.2 వెన్ను మీద పేరు వేస్తే సగం కాపీల్లో అక్షరాలు ఫస్ట్ కవర్ మీదికి దొర్లుతాయి. పైగా అంత సన్న వెన్నుకు జిగురు పట్టు తక్కువ, నాలుగు చేతులు మారేసరికి ఆకులు ఊడతాయి. 64 పేజీలకు సెంటర్ పిన్ (నడిమి మడతలో పిన్ను కొట్టడం) హాయి. బల్ల మీద పరిచి చదువుకోవచ్చు కూడా.

సెంటర్ పిన్ అయితే అట్ట ఫైలు రెండు కవర్లూ కలిపి ఒకే పేజీగా చేయండి: ఎడమ సగం బ్యాక్ కవర్, కుడి సగం ఫస్ట్ కవర్. కటింగ్ తర్వాత సైజు 17 × 11 అంగుళాలు, అంటే 431.8 × 279.4 మిల్లీమీటర్లు. నాలుగు వైపులా 3 మిల్లీమీటర్ల బ్లీడ్ (కటింగ్‌లో పోయే అదనపు అంచు) కలిపితే 437.8 × 285.4. అక్షరాలన్నీ కటింగ్ గీతకు 10 మిల్లీమీటర్లు లోపలే ఉండాలి. అంచు చుట్టూ సన్న బార్డర్ గీయాలన్న కోరిక పుడితే అణచుకోండి. కత్తి ఒక మిల్లీమీటరు జరిగినా ఒకవైపు లావు, ఒకవైపు సన్నం అయి వంకర కొట్టొచ్చినట్టు తెలుస్తుంది.

ఇంకోటి, ఎవరూ చెప్పనిది. అట్టకు వాడే 23 × 36 ఆర్ట్ కార్డును 18 × 23గా రెండు ముక్కలు చేసి, ఒక్కో ముక్కలో రెండు అట్టలు వేస్తారు. పెద్ద షీటుకు నాలుగు, వేస్టేజీ కాక 250 షీట్లు చాలు. బాగానే ఉంది. కానీ అలా పడుకోబెట్టినప్పుడు అట్ట మడత 23 వైపుకు సమాంతరంగా వస్తుంది. షీటు గ్రెయిన్ (కాగితంలో నారల వరస) 36 వైపు నడుస్తుంటే మడత గ్రెయిన్‌కు అడ్డం పడి, రంగు పగిలి తెల్ల గీత తేలుతుంది. ముదురు రంగు అట్టల మీద ఇది మరీ అసహ్యం. 250 జీఎస్‌ఎం కార్డుకు క్రీజింగ్ (మడత చోట ముందే గాడి నొక్కించడం) చేయించాల్సిందే, ఆ తర్వాతే మడత. గ్రెయిన్ ఎటుందో తెలియాలంటే చిన్న ముక్క తీసుకుని రెండు వైపులా మడిచి చూడండి. సాఫీగా మడిగినవైపే గ్రెయిన్.

ధ్వని_బృందం · శనివారం ఉదయం 7:40

సెంటర్ పిన్, 8.5 × 11, 250 జీఎస్‌ఎం ఖాయం చేసేశాం. పిన్ అయితే లోపలి పేజీలు బయటికి పొడుచుకొస్తాయని ఒకరు భయపెట్టారు. నిజమేనా?

నాలుగురంగులు · శనివారం ఉదయం 8:15

నిజమే, కొంచెం. ఒకదానిలో ఒకటి దూర్చిన 16 షీట్లలో (షీటుకు నాలుగు పేజీలు) నట్టనడిమిది బయటి దానికంటే 1.6 మిల్లీమీటర్లు ముందుకొస్తుంది, కటింగ్‌లో అంతా తెగిపోతుంది. 32, 33 పేజీల్లో పేజీ నంబర్లు అంచుకు ఆనించకపోతే చాలు. అట్టకు ఇబ్బంది లేదు.

వొత్తులపట్టి · శనివారం ఉదయం 10:33

పేరు సంగతికి వద్దాం. మీరు వాడిన టెంప్లేటు ఇంగ్లిష్ పత్రికలకు గీసింది. ఆ పెద్దక్షరాలన్నీ ఒకే ఎత్తు, పైనా కిందా ఏమీ ఉండదు, ఇటుకలు పేర్చినట్టు పేజీ అంచుకు ఆనించొచ్చు. ‘ధ్వని’ అలాంటి పేరు కాదు. ‘ధ్వ’ కింద వ వొత్తు దిగుతుంది, ‘ని’ పైన గుడి లేస్తుంది. ఆ టెంప్లేటు పెట్టెలో కూర్చోబెట్టడానికి మీరు అక్షరాన్ని నిలువునా నొక్కారు, అందుకే అడ్డగీతలు సన్నబడి నిలువు గీతలు లావై కనిపిస్తున్నాయి. ఫాంటును ఎప్పుడూ ఒకవైపు సాగదీయకండి. సన్నం, వెడల్పు కావాలంటే అవి అసలే ఉన్న ఫాంటు తీసుకోండి. అనేక్ తెలుగులో బరువు 100 నుంచి 800 దాకా, వెడల్పు 75 నుంచి 125 దాకా మార్చుకోవచ్చు. ఉచితం, అచ్చుకు కూడా అనుమతి ఉంది.

రామభద్ర వేయాలనిపిస్తుంది, నిండుగా ఉంటుంది కనుక. కానీ ఊరంతా ఫ్లెక్సీల మీద అదే. మీ పత్రిక పేరు పుట్టినరోజు శుభాకాంక్షల్లా ఉండకూడదనుకుంటే వదిలేయండి. నాకైతే రెండక్షరాల పేరును చేత్తో రాయించడమే ఇష్టం. ఏ4 కాగితం మీద బ్రష్ పెన్నుతో ముప్పై సార్లు రాయించి, బాగా వచ్చింది ఒకటి 600 డీపీఐలో స్కాన్ చేసి వెక్టర్‌గా మార్చుకోండి. ఇక ఏ సంచికకైనా అదే.

పాయింటు సైజు నమ్మకండి. ఒకే 120 పాయింట్లలో ఒక తెలుగు ఫాంటు బొద్దుగా, ఇంకోటి పిట్టంతగా వస్తాయి. ప్రింటు తీసి స్కేలుతో కొలవండి. 8.5 అంగుళాల వెడల్పు అట్ట మీద ‘ధ్వని’ గుడి కొస నుంచి వొత్తు అడుగు దాకా 60 మిల్లీమీటర్లకు తగ్గొద్దు.

రెండు లైన్ల శీర్షికలో లైన్ల మధ్య దూరం ఇంగ్లిష్‌కు పెట్టినట్టు పెడితే పై లైను వొత్తు కింది లైను గుడి మీద కూర్చుంటుంది. పైన ‘బిల్లు’ ఉండి దాని కింద ‘కి’ వచ్చిందంటే ల వొత్తూ గుడీ కలిసిపోయి అదేదో కొత్త అక్షరం పుడుతుంది. అక్షర పరిమాణానికి 135 శాతం దాకా దూరం ఇవ్వండి. అప్పటికీ తగిలితే లైను విరుపు మార్చండి, మాట జరపండి.

ఇక వొత్తులు విడిపోయే గోల. ఫొటోషాప్‌లో ప్రిఫరెన్సెస్, టైప్‌లోకి వెళ్ళి వరల్డ్ రెడీ లేఅవుట్ ఎంచుకోండి, పాత వెర్షన్లలో మిడిల్ ఈస్టర్న్ అండ్ సౌత్ ఏషియన్ అని ఉంటుంది. మూసి తెరిచి, కొత్త ఫైలులో టైపు చేయండి. ఇన్‌డిజైన్‌లో అయితే పేరాగ్రాఫ్ స్టైల్ లోపల జస్టిఫికేషన్‌లో కంపోజర్‌ను వరల్డ్ రెడీకి మార్చాలి. మార్చకపోతే ‘ధ్వని’ కాస్తా ‘ధ్‌వని’ అవుతుంది. ఇంగ్లిష్ మాటల దగ్గర ఇంకో చిక్కు: ‘సాఫ్ట్‌వేర్’ను విడదీసే కనిపించని అక్షరం పోతే ‘సాఫ్ట్వేర్’ అని ట కింద వ వొత్తు వేలాడుతుంది. యూనికోడ్ నుంచి, యూనికోడ్ కాని పాత అను ఫాంట్లకు మార్చేటప్పుడు ఇదే ముందు పోతుంది. ఆ మార్పు జరిగితే క్ష, జ్ఞ, త్ర, శ్రీ, ఇంగ్లిష్ మాటలు అన్నీ మళ్ళీ చదవండి.

మూడో_బెంచీ · శనివారం మధ్యాహ్నం 12:20

శీర్షిక ఏంటో ఎవరూ చెప్పట్లేదు. ‘హాస్టల్ మెస్సులు – సమస్యలు, పరిష్కారాలు’ అని పెడితే మాత్రం నేను చదవను.

అట్టమీదపిల్లి · శనివారం మధ్యాహ్నం 12:41

‘పప్పులో కాలెవరేశారు?’

మూడో_బెంచీ · శనివారం మధ్యాహ్నం 12:43

అదీ! ఇప్పుడు పళ్ళెం పక్కన ఒక హవాయి చెప్పు పెట్టండి, అదిరిపోతుంది.

అట్టమీదపిల్లి · శనివారం మధ్యాహ్నం 1:10

చెప్పు వద్దు. కాలు మాటలో ఉంది, పప్పు బొమ్మలో ఉంది, రెంటినీ కలిపే పని చూసేవాడికి వదలండి. చెప్పు కూడా పెడితే జోకు చెప్పి అర్థం వివరించినట్టు ఉంటుంది. తిండి పక్కన చెప్పు చూస్తే కొందరు పత్రికే తిప్పి పెట్టేస్తారు, అది వేరే సంగతి.

దాని కింద చిన్న అక్షరాల్లో ఒకే ఒక్క లైను: ‘మెస్ బిల్లు రూపాయి ఎక్కడెక్కడ ఖర్చవుతోంది’. ఇది సూటిగా ఉండాలి. పైది చమత్కారం, కిందిది సమాచారం. రెండూ చమత్కారాలైతే లోపల ఏముందో తెలియదు. ఒక జాగ్రత్త, లోపలి వ్యాసంలో నిజంగా లెక్క తేల్చి ఉండాలి. ఊరికే గొణుగుడు అయితే ‘ఎవరేశారు’ అన్న ప్రశ్న వార్డెన్ మీద నిందలా చదువుకుంటారు.

కిటికీవెలుగు · శనివారం సాయంత్రం 4:05

ఫోటో భాగం నాది.

ఫోను చాలు. 12 మెగాపిక్సెళ్ళ ఫోటో నిలువుగా తీస్తే 3000 × 4000. మీ ఫస్ట్ కవర్‌కు బ్లీడ్‌తో కలిపి 300 పీపీఐ (అంగుళానికి పిక్సెళ్ళు)లో కావాల్సింది సుమారు 2620 × 3370. అంటే వెడల్పులో మిగిలేది పన్నెండు శాతమే. తర్వాత కత్తిరించుకుందాంలే అని దూరం నుంచి తీస్తే పిక్సెళ్ళు చాలవు. జూమ్ చేయకండి, కెమెరాను కదపండి. పళ్ళెం వెనక అట్ట మీదికి కూడా పారాలనుకుంటే ఫోను అడ్డంగా తిప్పినా 230 పీపీఐ దగ్గరే ఆగుతుంది. అది నడుస్తుంది, అంతకు కిందికి దిగొద్దు.

స్టీలుతో వచ్చే తంటా ఏమిటంటే పళ్ళేనికి సొంత రంగు లేదు, ఎదురుగా ఏది ఉంటే అదే కనిపిస్తుంది. నేరుగా పైనుంచి తీస్తే నడిమి అరలో మీ ఫోనూ రెండు చేతులూ నల్లగా పడతాయి. అందుకే ఆ అరలో అన్నం పెట్టేయండి. ఖాళీగా వదిలే అర అంచుకు దగ్గరగా ఉండాలి, అక్కడ ప్రతిబింబంగా తెల్ల గోడో తెల్ల బట్టో పడేలా చూసుకోండి. ఎండ నేరుగా పడని కిటికీ ఎంచుకోండి, ఉదయం తొమ్మిది పది మధ్య. కిటికీకి తెల్ల చున్నీ కట్టండి. పళ్ళేనికి కిటికీ ఎడమన ఉంటే కుడివైపు జానెడు దూరంలో తెల్ల థర్మోకోల్ షీటు నిలబెట్టండి, నీడలు మెత్తబడతాయి. గదిలో ట్యూబ్‌లైటు ఆర్పేయండి. రెండు రకాల వెలుగు కలిస్తే పప్పు ఒకవైపు పసుపుగా, ఇంకోవైపు ఆకుపచ్చగా వస్తుంది, దాన్ని ఏ సాఫ్ట్‌వేరూ సరిచేయలేదు.

ఫోను మరీ దగ్గర పెడితే పళ్ళెం అంచులు సాగి గుండ్రం చెడుతుంది. కుర్చీ ఎక్కి, మూడు నాలుగడుగుల ఎత్తు నుంచి, ఫోనులో రెండింతల లెన్సు నిజంగా ఉంటే దాంతో తీయండి. స్టీలు మీద వెలుగు పేలిపోకుండా తెరను తాకి వెలుతురు ఒక మెట్టు తగ్గించండి. పేలిన తెలుపు తిరిగి రాదు, నీడను మాత్రం కొంత లేపుకోవచ్చు.

పప్పు విషయం. ఫోటోల కోసం చిక్కటి ముద్దపప్పు పెట్టేవాళ్ళుంటారు. ఇక్కడ అలా చేస్తే సంచిక అంతా అబద్ధమవుతుంది. పలచటి పప్పు పోయండి, అడుగున స్టీలు గీతలు కనిపించాలి, ఒకే ఒక కరివేపాకు తేలుతుండాలి. వార్త అదే. పది నిమిషాలకే పైన పొర కట్టి మెరుపు పోతుంది, కాబట్టి పళ్ళెం, వెలుగు, ఫోను అన్నీ ఖాళీ పళ్ళెంతోనే సరిచూసుకుని పప్పు చివర్లో పోయండి. అంచు మీద పడ్డ చుక్కలు తడిగుడ్డతో తుడవండి, ఒక్క చుక్క ఉంచండి.

కింద ముదురు నీలం చార్టు పరవండి. పసుపుకు నీలం ఎదురు నిలుస్తుంది, పైగా ఒకే రంగు కాబట్టి పైన పేరుకు చోటు చాలకపోతే కంప్యూటర్‌లో పొడిగించుకోవచ్చు. పళ్ళెం మధ్యలో పెట్టకండి. అడుగు భాగం పేజీ బయటికి పోనివ్వండి, పైన మూడో వంతు నీలం మిగలాలి.

నాలుగురంగులు · శనివారం రాత్రి 8:48

కిటికీవెలుగు చెప్పినట్టు తీస్తే అచ్చులో రెండు ప్రమాదాలున్నాయి, ముందే మందు వేసుకుందాం.

మొదటిది పప్పు. సయాన్ 5 శాతం లోపు, మెజెంటా 20, ఎల్లో 90 దగ్గర ఉంచండి. సయాన్ 10 దాటితే పప్పు పాచి పట్టినట్టు కనిపిస్తుంది. రెండోది స్టీలు. బూడిద రంగును సయాన్, మెజెంటా, ఎల్లో మూడింటితో కడితే మెషిన్ మీద ఏ ఒక్క సిరా కాస్త ఎక్కువైనా పళ్ళెం గులాబీదో నీలిదో అవుతుంది, వందో కాపీకీ ఎనిమిది వందలో కాపీకీ పోలిక ఉండదు. పళ్ళెం వరకు సెలెక్ట్ చేసి శాచురేషన్ బాగా తగ్గించండి. సీఎంవైకే (అచ్చుకు వాడే నాలుగు సిరాల పద్ధతి)లోకి మార్చాక సెలెక్టివ్ కలర్‌లో న్యూట్రల్స్ తీసుకుని మూడు రంగులూ 15 చొప్పున తగ్గించి నలుపు 10 పెంచండి. బరువు నలుపు మీద పడితే బూడిద కదలదు.

నీలానికి సయాన్ 100, మెజెంటా 65, నలుపు 30. మెజెంటా 80కి ఎక్కితే నీలం వంగపండు అవుతుంది. మొత్తం సిరా 195 శాతం, ఆర్ట్ కార్డుకు 300 దాటకూడదన్న హద్దుకు చాలా లోపల ఉన్నాం, తొందరగా ఆరుతుంది.

ఆ నీలం మీద తెల్ల అక్షరాలంటే మూడు ప్లేట్లలోనూ కాగితం ఖాళీగా ఉండాలి. ఒక ప్లేటు వెంట్రుకవాసి జరిగినా సన్న గీతలు పూడిపోతాయి, తెలుగులో ముందు పోయేది తలకట్టు. చిన్న లైనుకు 11 పాయింట్లకు తగ్గని బోల్డ్ వాడండి. నల్ల అక్షరాలు ఎక్కడైనా ఉంటే అవి నలుపు 100 ఒక్కటే అయి ఉండాలి. ఆర్‌జీబీ (తెర రంగుల పద్ధతి) నలుపును ఊరికే మారిస్తే నాలుగు రంగులూ కలిసిన నలుపు వస్తుంది, చిన్నక్షరాల చుట్టూ రంగు నీడ కడుతుంది.

కాన్వాలోనే చేయాలనుకుంటే చేయండి, కానీ చివరి ఫైలు ఇంకెక్కడైనా సీఎంవైకేకి మార్చి ఈ అంకెలు చూసుకోవాల్సిందే.

మూడో_బెంచీ · శనివారం రాత్రి 9:30

మ్యాట్ లేమినేషన్ వేయించండి. గ్లాసీ పాతబడిపోయింది.

ఛత్తాబజార్_చిట్టి · శనివారం రాత్రి 9:52

మ్యాట్ చేతికి మంచిగుంటది, ఒప్పుకుంట. గానీ ముదురు నీలం మీద మ్యాట్ ఏస్తే బ్యాగుల రెండు రోజులు తిరిగేసరికి తెల్ల గీతలు, ఏలిముద్రలు. అయి పోరగాళ్ళ బ్యాగులు, ల్యాప్‌టాప్ ఛార్జర్, టిఫిన్ డబ్బ అన్నీ గండ్లనే. పైంగ మ్యాట్ పసుపును మందగిస్తది, మీ పప్పు సల్లారిపోతది. గ్లాస్ ఏయించుండ్రి, స్టీలు గూడ మెరుస్తది.

ఏదైనా గానీ, అచ్చయినంక ఒక దినం ఆరనియ్యకుండ లేమినేషన్‌కు పంపకుండ్రి. తడి సిరా మీద ఫిల్మ్ పట్టదు, బుడగలొస్తయి. ఒక్క దిక్కే ఫిల్మ్ ఉంటది గాబట్టి ముసురుకు కార్డు నీళ్ళు పీల్చి ఉబ్బుతది, ఫిల్మ్ ఉబ్బదు. అట్ట బయటికి నోరు తెరుస్తది. కట్టలు కట్టి బరువు కింద పెట్టుండ్రి, పంచేనాటికి దారికొస్తది.

వొత్తులపట్టి · శనివారం రాత్రి 10:15

పళ్ళెం ఒక్కదాని మీద స్పాట్ యూవీ మెరుపు పూత అంటే మ్యాట్‌తో బాగుంటుంది కదా?

నాలుగురంగులు · శనివారం రాత్రి 10:31

బాగుంటుంది, పళ్ళెం లాంటి పెద్ద ఆకారం మీద. అర మిల్లీమీటరు జరిగినా తెలియదు. అక్షరాల మీద మాత్రం వేయకండి, జరిగితే ప్రతి అక్షరానికీ జంట కనిపిస్తుంది. 1000 కాపీల విద్యార్థి పత్రికకు ఆ ఖర్చు ఎందుకో నాకైతే అర్థం కాదు, ఆ డబ్బుతో కార్డు 300 జీఎస్‌ఎం చేసుకోవచ్చు.

ధ్వని_బృందం · ఆదివారం ఉదయం 11:02

గ్లాస్‌కే ఓటు. ఇంకో రెండు ప్రశ్నలు. ఏఐతో పళ్ళెం బొమ్మ చేయించుకుంటే ఫోటో బాధ తప్పుతుంది కదా అని మాలో ఒకరు అంటున్నారు. అట్ట మీద క్యూఆర్ కోడ్ పెట్టాలని ఇంకొకరు.

అట్టమీదపిల్లి · ఆదివారం ఉదయం 11:38

1024 పిక్సెళ్ళ బొమ్మ 300 పీపీఐలో 3.4 అంగుళాలు వస్తుంది, మీ అట్ట 8.5. పెంచి సాగదీస్తే స్టీలు ప్లాస్టిక్ అవుతుంది. అంతకన్నా పెద్ద మాట, మీ మెస్ పళ్ళెం మీద సొట్టలున్నాయి, హాస్టల్ నంబరు చెక్కి ఉంటుంది. అది చూసి ‘ఇది మనదేరా’ అంటారు. ఆ గుర్తింపు తయారుచేసిన బొమ్మలో రాదు. గూగుల్‌లో దొరికిన ఫోటో అసలే వద్దు, అది వేరెవరి సొత్తో.

క్యూఆర్ బ్యాక్ కవర్ మీద పెట్టండి, ఫస్ట్ కవర్ మీద కాదు. 2.5 సెంటీమీటర్లు, తెల్ల గడిలో నల్లగా, చుట్టూ నాలుగు గళ్ళ మేర తెలుపు వదిలి. లింకు 26 అక్షరాల లోపు ఉంటే 25 × 25 గళ్ళలో సరిపోతుంది, ఏ ఫోనైనా టక్కున పడుతుంది. లింకులో తెలుగు అక్షరాలుంటే ఒక్కో అక్షరం లోపల తొమ్మిది గుర్తులుగా మారి కోడ్ పేనుకొరుకుడులా అవుతుంది.

మూడో_బెంచీ · ఆదివారం మధ్యాహ్నం 12:05

వాట్సాప్ స్టేటస్‌లో, ఇన్‌స్టాలో చూసేవాళ్ళే ఎక్కువ. అక్కడ ఎలా ఉంటుందో చూసుకోండి. అట్టను 150 పిక్సెళ్ళ వెడల్పుకు కుదించి ఫోనులో పెట్టి చూస్తే పేరూ పెద్ద శీర్షికా చదవగలగాలి. చిన్న లైను కనిపించకపోయినా పర్లేదు. ఇన్‌స్టా 1080 × 1350కి మీ అట్ట ఎత్తు సరిపెడితే వెడల్పు 1043 వస్తుంది, రెండు పక్కలా 18 పిక్సెళ్ళు అదే నీలంతో నింపేయండి. తెల్ల పట్టీలు వదలకండి.

ధ్వని_బృందం · ఆదివారం రాత్రి 9:20

కొత్త నమూనా పెట్టాం. పళ్ళెం వచ్చింది, నీలం వచ్చింది, పేరు చేత్తో రాయించాం. పళ్ళెం పై అంచు పేరు అడుగును కొద్దిగా కప్పేలా చేశాం, లోతు కనిపిస్తుందని. సరేనా?

వొత్తులపట్టి · ఆదివారం రాత్రి 9:44

లోతు బాగుంది, చోటు తప్పింది. ద, ధ తేడా అంతా అడుగున ఉన్న ఆ చిన్న గీతే. మీ పళ్ళెం సరిగ్గా దాన్నే మింగేసింది. ఇప్పుడు పత్రిక పేరు ‘ద్వని’, అందులోనూ వ వొత్తు సగమే ఉంది. తెలుగు పత్రిక అట్ట మీద అక్షరదోషం అంటే చూసినవాళ్ళు వదలరు. పళ్ళేన్ని కుడికి జరిపి ‘ని’ అడుగును కప్పనివ్వండి. ‘ని’కి గుర్తంతా పైన ఉంది, కింద పావు వంతు పోయినా అది ‘ని’గానే చదువుతారు.

‘పప్పులో’ మధ్య ఖాళీ ఎక్కువగా కనిపిస్తోంది చూశారా? ప వొత్తు కింద కాక పక్కన కూర్చుంటుంది, అందుకే ‘ప్పు’ వెడల్పెక్కి ‘లో’ విడిపోయినట్టుంది. అక్షరాల మధ్య దూరం మొత్తంగా తగ్గిస్తే మిగతావి గుద్దుకుంటాయి. కర్వ్స్ (అక్షరాల్ని గీతల బొమ్మలుగా మార్చడం) చేశాక ‘లో’ ఒక్కదాన్నే పట్టుకుని ఎడమకు ఒకటిన్నర మిల్లీమీటర్లు జరపండి.

నాలుగురంగులు · ఆదివారం రాత్రి 10:10

జరిపాక అక్షరాలన్నీ కర్వ్స్ అయ్యాయో లేదో చూడండి, ప్రెస్సు కంప్యూటర్‌లో మీ ఫాంటు ఉండదు. కర్వ్స్ చేయని ఫైలు వేరే పేరుతో దాచుకోండి, లేకపోతే చివరి నిమిషంలో ఒక్క దీర్ఘం మార్చాలన్నా మళ్ళీ మొదటికి వస్తారు. పీడీఎఫ్‌ను ఎక్స్-1ఏగా (అచ్చు కోసం వాడే పీడీఎఫ్ రకం), బ్లీడ్ 3, కటింగ్ గుర్తులతో తీయండి. వాట్సాప్‌లో పంపితే డాక్యుమెంటుగానే పంపండి. ఫోటోగా పంపితే నలిపి పిండి చేస్తుంది.

తర్వాత 13 × 19 డిజిటల్ షీటు మీద అదే ఆర్ట్ కార్డులో ఒక ప్రూఫ్ తీయించి, కత్తిరించి, మడిచి, లోపల 16 తెల్ల షీట్లు పెట్టి పిన్ కొట్టండి. రంగు అచ్చం ఆఫ్‌సెట్‌లా రాదు, కానీ మడత ఎక్కడ పడుతుందో, బ్యాక్ కవర్ తలకిందులైందో తెలిసిపోతుంది. దాన్ని బల్ల మీద పడేసి నాలుగడుగులు వెనక్కి జరిగి చూడండి.

ధ్వని_బృందం · సోమవారం సాయంత్రం 6:25

డమ్మీ చేశాం. ‘ధ్వ’ బయటపడింది. సెకండ్ కవర్ ప్రిన్సిపాల్ గారికి నచ్చింది, అట్ట చూసి కాసేపు ఏమీ అనలేదు, తర్వాత లోపల లెక్కలున్నాయా అని అడిగారు. ఉన్నాయి. ఒకటే తేలలేదు: పప్పు ప్రూఫ్‌లో కొంచెం నారింజగా ఉంది.

నాలుగురంగులు · సోమవారం సాయంత్రం 6:50

డిజిటల్ మెషిన్ గుణం కావచ్చు. ఫైలులో పప్పు మీద ఐడ్రాపర్ పెట్టి నాలుగు చోట్ల చూడండి. మెజెంటా 25 దాటి ఉంటే 20కి దించండి. అంకెలు సరిగ్గా ఉంటే ఫైలు ముట్టుకోకండి, మెషిన్ దగ్గర నిలబడి మొదటి యాభై షీట్లలో సరిచేయించుకోండి.

ఛత్తాబజార్_చిట్టి · సోమవారం రాత్రి 8:15

ప్లేట్లు కొట్టేముందు ప్రూఫు మీద సంతకం, తారీకు పెట్టి ఇయ్యుండ్రి. మెషిన్ కాడికి పోయినప్పుడు గా పళ్ళెం గూడ పట్టుకపోండ్రి. ఆపరేటర్‌కు స్టీలు ఎట్లుండాల్నో నోటితోని జెప్పుడు కన్నా ముందల పెట్టి సూపిస్తే జల్ది అర్థమైతది.